కొక్కెం మీద బరువు

తోకలో బరువు పెట్టకూడదని నాకు తెలుసు. ఆ సంగతి రాసి ఉన్న పుస్తకాన్ని విప్పి మళ్లీ కుట్టింది నేనే.

అల్లుడు కొన్న పాత పికప్ బండితో పాటు వచ్చిన పుస్తకం అది. బండి గట్టిగానే ఉంది గానీ, పుస్తకం మాత్రం వెన్ను విరిగి, సగం పేజీలు ఊడి, ఒక రబ్బరుబ్యాండుతో ప్రాణం నిలుపుకుంటోంది. "పెద్దత్తయ్యా, తీరిక ఉన్నప్పుడు చూడండి" అని నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. నేను బడికి వెళ్లింది మూడేళ్లే. ఆ తరవాత వచ్చిన చదువంతా కుట్టుబల్ల దగ్గర వచ్చిందే. సూది ఎక్కించే ముందు పేజీలు వరసలో ఉన్నాయో లేదో చూసుకోవాలి కదా. అంకెలు చూడబోయి అక్షరాలు చూడటం, అక్షరాలు చూడబోయి అక్కడే ఆగిపోవడం అలవాటైంది. పశువైద్యం, వంతెనల లెక్కలు, ఎవరిదో ఆత్మకథ రెండో భాగం, ఏది కుట్టడానికొస్తే అది చదివాను. ఆ ఆత్మకథ మొదటి భాగం ఎవరూ తేలేదు. ఆ పెద్దమనిషి పుట్టకుండానే పెళ్లి చేసుకున్నట్టు నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

పికప్ పుస్తకంలో బరువు లాగడం గురించి పదహారు పేజీలున్నాయి. సరిగ్గా ఒక మడత, ఒక కుట్టు. ట్రైలరులో పెట్టే సామానులో నూటికి అరవై పాళ్లు ఇరుసుకి ముందే ఉండాలి. బండి వెనకున్న ఇనుప గుండు మీద ట్రైలరు కొక్కెం కూర్చుంటుంది. ఆ కొక్కెం మీద పడే బరువు ట్రైలరు మొత్తం బరువులో పదోవంతుకి తగ్గకూడదు. తగ్గిందంటే తోక బరువెక్కి ట్రైలరు పాములా ఊగుతుంది. ఊగినప్పుడు బ్రేకు తొక్కకూడదు, స్టీరింగు అటూ ఇటూ తిప్పకూడదు, యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసి ఓపిక పట్టాలి. నేను భయస్థురాలిని. భయస్థులకి ఇలాంటివి ఒక్కసారి చదివితే చాలు, నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

అల్లుడంటే నా అల్లుడు కాదు. నాకు పిల్లల్లేరు. మా ఆయన, ఆయన తమ్ముడు కలిసి ఈ బైండింగు షాపు పెట్టారు. నేను పెద్దకోడలిని, ఆమె చిన్నకోడలు. తోటికోడళ్లంటే ఉప్పూ నిప్పూ అంటారు. మా ఇద్దరి మధ్య ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఉన్నది నాలుగడుగుల బల్ల. నేను ఇటు కూర్చుని కుడతాను, ఆమె అటు నిలబడి జిగురు రాసి అట్ట వేస్తుంది. ఆమె నన్ను అక్కా అంటుంది, నాకు ఆమె చెల్లి. మా ఆయన పోయి పదహారేళ్లు, మరిది పోయి తొమ్మిదేళ్లు. వాళ్లిద్దరూ పోయాక కూడా బల్ల అక్కడే ఉంది, మేమూ అక్కడే ఉన్నాం. చెల్లి కూతురు ఆ బల్ల కింద పాకి, ఆ బల్ల మీదే పని నేర్చుకుంది.

మా ఆయన పోయిన రోజు దారపుండలు తేవడానికి బస్సెక్కారు. "వస్తా" అన్నారు. నేను ఒక లావుపాటి పుస్తకంలో ఆఖరి మడత కుడుతున్నాను. సూది నోట్లో ఉంది. ఊఁ అన్నాను గానీ తలెత్తలేదు. బస్సులోనే గుండె ఆగింది. ఆయన ఆ రోజు ఏ రంగు చొక్కా వేసుకున్నారో కూడా తరవాత వాళ్లూ వీళ్లూ చెప్తే తెలిసింది. అప్పటినుంచి ఎవరు గడప దాటినా మలుపు తిరిగేదాకా చూస్తాను. పాలప్యాకెట్టు కోసం వెళ్లినా సరే. మా వీధిలో వాళ్లు నవ్వుకుంటారు.

ఈ ఏడాది చెల్లి కూతురికీ అల్లుడికీ నాలుగొందల కిలోమీటర్ల అవతల పని దొరికింది. ఒక పెద్ద గ్రంథాలయంలో పాత పుస్తకాలన్నీ మళ్లీ బైండు చెయ్యాలి. నాలుగైదేళ్ల పని. అక్కడ కింద షాపు, పైన రెండు గదులు. చెల్లి వాళ్లతో వెళ్తోంది. కటింగ్ మిషను, అట్టలు, అక్షరాలు అచ్చొత్తే సామాను, చిన్న చెక్క ప్రెస్సు వాళ్లకి. కుట్టుబల్ల, చక్రం ప్రెస్సు నాకు. పంచుకునేటప్పుడు చెల్లి కూతురు చక్రం ప్రెస్సు వైపు ఒకసారి చూసింది. చెల్లి వెంటనే, "అది పెద్దమ్మది. పెదనాన్న తెచ్చింది. దాని జోలికి పోవద్దు" అంది.

పోత ఇనుముతో చేసిన ప్రెస్సు అది. పైన చక్రం, కింద రెండు పలకలు. అట్ట వేసిన పుస్తకాల్ని పలకల మధ్య పెట్టి చక్రం బిగిస్తే తెల్లారేసరికి గీతగీసినట్టు తయారవుతాయి. నూట ముప్ఫై కిలోలు.

"నువ్వూ రా అక్కా. పది రోజులుండి, షాపు సర్దిపెట్టి వద్దువుగాని" అంది చెల్లి.

పది రోజులు. ఆ మాటని చేతిలో పట్టుకుని వారం రోజులు తిప్పి తిప్పి చూశాను. ఉండిపొమ్మని ఎవరూ అనలేదు. ఉండొద్దనీ అనలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు, అడిగితే కాదనడానికి వాళ్లకి నోరు రావాలి కదా. అప్పుడొక ఆలోచన వచ్చింది. నేను అక్కడికి చేరి, నా ప్రెస్సు కూడా అక్కడికి చేరితే, పదో రోజున దాన్ని మళ్లీ ఎత్తి బండిలో పెట్టేవాళ్లెవరు? ప్రెస్సు ఉన్నచోటే మనిషీ ఉంటుంది. ఎవరూ ఏమీ అనక్కర్లేకుండా అయిపోతుంది.

సామాను ఎక్కించిన రోజు నేను పుస్తకం పట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. అల్లుడు ట్రైలరు నేల మీద సుద్దతో ఇరుసు గీత గీశాడు.

"ఇప్పుడేం రాసి ఉంది, మాన్యువల్ అత్తయ్యా?"

"బరువైనవి కింద, ఇరుసుకి కాస్త ముందు. తేలికవి పైన. ఏదీ కదలకుండా పట్టీలు వెయ్యాలి."

"కటింగ్ మిషను ఇక్కడ సరేనా?"

"గీతకి ముందుందా?"

"జానెడు ముందుంది."

"ఇంకో జానెడు జరుపు బాబూ."

"అత్తయ్యా, అది మిషను, కుర్చీ కాదు" అన్నాడు గానీ జరిపాడు. మంచివాడు. విసుక్కుంటాడు, విసుక్కుంటూనే చేస్తాడు.

కొక్కెం బరువు తూచడానికి పుస్తకంలో బొమ్మ వేసి చూపించిన పద్ధతే చేశాడు. ఒక చెక్క పలక, ఒక కొస ఇటుకల మీద, ఇంకో కొస మనుషులు బరువు చూసుకునే మిషను మీద. సరిగ్గా మధ్యలో కొక్కెం ఆనించాడు. మిషను ఎనభై ఐదు చూపించింది. రెండింతలు చేస్తే నూట డెబ్భై. సామానుతో కలిపి ట్రైలరు పదిహేడు వందల కిలోలు. పదోవంతు సరిగ్గా సరిపోయింది.

"ఇంక ఒక్క పుల్ల కూడా వెనక పెట్టకూడదు" అన్నాడు అల్లుడు చేతులు దులుపుకుని.

"ఊరికే బ్రేకు తొక్కకూడదని కూడా ఉంది" అన్నాను. "బరువు లాగుతున్నప్పుడు అవసరమైతేనే తొక్కాలి. ముందునుంచీ దూరం చూసుకుని నెమ్మదించాలి."

"సరే అత్తయ్యా. మీరే నడపండి, నేను వెనక కూర్చుని పుస్తకం చదువుతాను."

చెల్లి పడీపడీ నవ్వింది. ఆమె నవ్వితే జిగురు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఆ రోజు చేతికి జిగురు లేదు, అయినా అలాగే పెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం వాళ్లు ముగ్గురూ తెలిసినవాళ్ల ఇళ్లకి చెప్పి రావడానికి వెళ్లారు. నేను తలనొప్పి అన్నాను. వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, వెనక వీధి వెల్డరుని పిలిచాను. ట్రైలరుకి కొక్కెం అతికింది అతనే. మా ఆయన స్నేహితుడు. గొలుసు కప్పీ, రెండు పలకలు, ఒక పనివాణ్ణి తీసుకొచ్చాడు.

"ఎక్కడ పెట్టమంటారు వదినగారూ? ముందంతా నిండిపోయింది. తలుపు దగ్గరే ఖాళీ ఉంది."

"అక్కడే పెట్టండి."

అతను తల గోక్కున్నాడు. "తోకలో ఇంత బరువా? అల్లుడుగారికి తెలుసా?"

"తెలుసు."

నాకు అబద్ధం రాదు. వస్తే ముఖంలో కనిపిస్తుందని చెల్లి అంటుంది. వెల్డరు నా ముఖం చూడలేదు, గొలుసు చూసుకుంటున్నాడు. పదహారు పేజీలూ నా కళ్ల ముందు తిరిగాయి. పద్దెనిమిది వందల్లో నూట ముప్ఫై ఏపాటి, అనుకున్నాను. పుస్తకాలు రాసేవాళ్లు ఎప్పుడూ కాస్త భయపెట్టే రాస్తారు, అనుకున్నాను. జీవితమంతా ఉన్న భయాలకి ఇంకో నాలుగు కలిపి భయపడ్డదాన్ని, భయపడాల్సిన ఆ ఒక్క రోజున ధైర్యం తెచ్చుకున్నాను. ప్రెస్సుకి పట్టీ బిగించి, పాత దుప్పటి కప్పి, ముందు రెండు తేలిక పెట్టెలు అడ్డం పెట్టించాను. ట్రైలరుకీ షాపుకీ తాళాలు వేసేశాను. నా సంచిలో బట్టలు పది రోజులవి. అడుగున మందులు మూడు నెలలవి.

తెల్లవారి టిఫిను చేసి బయల్దేరాం. అల్లుడు, పక్కన చెల్లి కూతురు. వెనక నేను, చెల్లి, మా మధ్య నీళ్ల సీసా, పుస్తకం. పికప్ వెనక తొట్టెలో అట్టల కట్టలు. ట్రైలరు తలుపు నిన్ననే తాళం వేశాను కదా, ఇంకెందుకు తెరవడం, అన్నాను. ఎవరూ తెరవలేదు.

ఊళ్లో బాగానే నడిచింది. పెద్దరోడ్డు ఎక్కి డెబ్భై దాటాక వెనకనుంచి ఎవరో చెయ్యి వేసి లాగినట్టు బండి ఒకసారి కదిలింది.

"గాలా?" అంది కూతురు.

"గాలే అయ్యుంటుంది" అన్నాడు అల్లుడు.

చెట్ల ఆకులు కదలడం లేదు.

కొంచెం దిగుడు వచ్చింది. ఎదురుగా ఒక పెద్ద లారీ రయ్యిమని దాటిపోయింది. అంతే, ట్రైలరు కుడికి ఊగింది, ఎడమకి ఊగింది. మళ్లీ కుడికి, ఈసారి ఇంకా ఎక్కువ. బండి వెనకభాగం దాంతో పాటు జారుతోంది. అద్దంలో ట్రైలరు ఒక పక్కన కనిపించి, మాయమై, ఇంకో పక్కన కనిపించింది. అల్లుడి కాలు లేచింది.

"బ్రేకు తొక్కకు! బాబూ, బ్రేకు వద్దు! స్టీరింగు తిప్పకు, నిటారుగా పట్టుకో! కాలు తీసెయ్, కాలు తీసెయ్!"

ఆ గొంతు నాదేనని తరవాత తెలిసింది. అల్లుడు కాలు తీసేశాడు. చెల్లి నా మోచెయ్యి పట్టుకుంది. బండి ఊగుతూ, ఊగుతూ, కాస్త తగ్గి, ఇంకాస్త తగ్గి, చివరికి రోడ్డు పక్క మట్టిలోకి దిగి ఆగింది.

కూతురు ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది.

"నూట డెబ్భై తూచాను" అన్నాడు అల్లుడు, స్టీరింగుతో చెప్తున్నట్టు. "రెండుసార్లు తూచాను. ఏం మారింది?"

నేను చెప్పాలి. నోరు తెరిచాను. "నీళ్లు తాగు బాబూ" అన్నాను.

"మూడు కిలోమీటర్లలో రాళ్ల లారీలు తూచే వేబ్రిడ్జి ఉంది. నెమ్మదిగా అక్కడిదాకా పోదాం. అన్నీ తీసి చూద్దాం" అన్నాడు. ఆ మూడు కిలోమీటర్లూ ఇరవై వేగంలో వెళ్లాం. వెనక లారీలు హారన్లు కొడుతూనే ఉన్నాయి. చెల్లి నా మోచెయ్యి వదల్లేదు. ఇంతమంది ప్రాణాలు నేను దుప్పటి కింద దాచి తీసుకొచ్చాను.

వేబ్రిడ్జి అంటే నేలలో పరిచిన ఇనుప పలక, దాని పక్కన కిటికీ ఉన్న ఒక చిన్న గది. గదిలో లావుపాటి మనిషి పేపరు చదువుతున్నాడు. అల్లుడు ట్రైలరు తలుపు తీశాడు. రెండు పెట్టెలు దించాడు. దుప్పటి లాగాడు.

చక్రం ఎండలో మెరిసింది.

అల్లుడు నా వైపు తిరిగాడు. ముఖంలో కోపం ఇంకా పూర్తిగా రాకముందే కూతురు అతన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"పెద్దమ్మా! నీ ప్రెస్సు! మాకిచ్చేశావా?"

నేను కింద పడ్డ దుప్పటి తీసి మడవడం మొదలుపెట్టాను.

"అమ్మా చూశావా, చెప్పకుండా పెట్టించింది! అక్కడికెళ్లాక చూపించి ఆశ్చర్యపరుద్దామని!" నా మెడ చుట్టూ చేతులు వేసింది. ఇంకా ఏడుపు తడి ఆరలేదు, బుగ్గ చల్లగా తగిలింది. "అడుగుదామని ఎన్నిసార్లు అనుకున్నానో తెలుసా? ఆ చెక్క ప్రెస్సుతో అన్ని పుస్తకాలు ఎలా చేస్తామా అని నిద్ర పట్టేది కాదు. అమ్మ అడగనివ్వలేదు."

"పుస్తకమంతా నోటికొచ్చినావిడ తోకలో పెట్టిందేంటి!" అన్నాడు అల్లుడు. అరుద్దామనుకున్నాడు, అరుపు నవ్వులోకి జారిపోయింది. "మమ్మల్నందర్నీ ఒకేసారి పంపేసేవారు కదా, పెద్దత్తయ్యా."

"తప్పయిపోయింది బాబూ" అన్నాను. నిజం చెప్పింది ఆ ఒక్క మాటే.

చెల్లి మాత్రం ప్రెస్సు వైపు చూడలేదు. నా వైపు చూస్తోంది. ముప్ఫై ఎనిమిదేళ్లు ఎదురుగా నిలబడి చూసిన మనిషి. నేను దారం ముడి వేసే ముందే ముడి పడుతుందో జారుతుందో చెప్పేది.

వేబ్రిడ్జి మనిషి పేపరు మడిచి వచ్చాడు. అతనూ, ఆగి ఉన్న లారీ డ్రైవర్లు ఇద్దరూ చెయ్యి వేస్తే, సగం సామాను దించి, ప్రెస్సుని ఇరుసుకి ముందుకి చేర్చి, మిగతావి మళ్లీ సర్దారు. గంటన్నర పట్టింది. కొక్కెం తగిలించాక బండి వెనకభాగం కిందికి కుంగింది.

"మనుషులూ తూకంలోకి వస్తారు. అందరూ ఎక్కి కూర్చోండి. బండి చక్రాలు మాత్రం పలక మీద ఉంచండి" అని వేబ్రిడ్జి మనిషి కిటికీలోంచి అరిచాడు. ఎక్కి కూర్చున్నాం. నా పక్కన చెల్లి. నీళ్ల సీసా ఎక్కడికో దొర్లింది, మా మధ్య ఇప్పుడేమీ లేదు.

"కొక్కెం బరువు బాగానే ఉంది, ట్రైలరు ఇంక ఊగదు" అన్నాడు అతను చీటీ చూపిస్తూ. "కానీ బండికి ఎక్కువైంది. అది ఎంత మొయ్యాలో డోరు దగ్గర రాసుందే, అంతకంటే యాభై కిలోలు ఎక్కువ."

అది కూడా ఆ పదహారు పేజీల్లో ఉంది. కొక్కెం మీద పడే బరువు బండి మోసే బరువులోకే వస్తుంది. కూర్చున్న మనుషుల్ని కూడా అందులోనే లెక్కపెట్టాలి.

"ఏదో ఒకటి దించాలి" అన్నాడు అల్లుడు.

వేబ్రిడ్జి మనిషి సరదాగా లోపలికి తొంగి చూశాడు. "మామ్మగారూ, మీరెంత ఉంటారేంటి?"

"యాభై ఒకటి" అన్నాను. పోయిన నెలే డాక్టరు తూచాడు.

అతను నవ్వబోయి ఆగిపోయాడు.

"ఛ, అదేం మాట" అన్నాడు అల్లుడు. "తొట్టెలో అట్టల కట్టలున్నాయి. ఒక్కోటి పాతిక. రెండు దించేస్తే సరిపోతుంది. ఇక్కడ ఉంచి, వచ్చేవారం ఎవరితోనైనా తెప్పించుకుందాం."

"ఉంచుకోండి, నేను చూస్తాను" అన్నాడు వేబ్రిడ్జి మనిషి.

అంతా సర్దుకుంది. అప్పుడు చెల్లి అంది:

"అట్టలు వద్దు బాబూ. ఎల్లుండి మొదలుపెట్టాల్సిన పని వాటిదే."

అల్లుడు వెనక్కి తిరిగి చూశాడు. కూతురు కూడా.

"అక్క తరవాత వస్తుంది" అంది చెల్లి. కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "ఇక్కడ బస్సులు ఆగుతాయి కదా. వచ్చే నెల, అంతా కుదుటపడ్డాక వస్తుంది."

"అమ్మా!"

"నేను దిగుతాను" అన్నాను. "నాకూ కడుపులో తిప్పుతోంది. ఆ ఊపుడికి మళ్లీ కూర్చోలేను." తలుపు తెరిచాను. ఎత్తు బండి. దిగేటప్పుడు కాలు అందక వేళ్లాడుతుంటే చెల్లి వచ్చి పట్టుకుంది.

ఇద్దరం వేబ్రిడ్జి గది వెనక నీడలోకి వెళ్లాం. అక్కడ ఒక విరిగిన బల్ల ఉంది. నేను ఇటు కూర్చున్నాను. ఆమె అటు నిలబడింది.

"పది రోజులకి రావట్లేదు కదా నువ్వు" అంది.

"లేదు."

"మందులు చూశాను. నిన్న సంచి నువ్వు మంచం మీంచి దించలేకపోతే నేను దించాను. డబ్బాలు గలగలలాడాయి."

"మరి అప్పుడే అనొచ్చు కదే."

"ఏమనాలి?"

రోడ్డు మీద ఏదో లారీ వెళ్లింది. దుమ్ము లేచి, మళ్లీ నేల మీదికి దిగేదాకా ఇద్దరం దాన్నే చూశాం.

"నేను చేసిన పుస్తకం ఒక్కటి చెప్పక్కా" అంది చెల్లి. "ముప్ఫై ఎనిమిదేళ్లలో. మొదటినుంచి చివరిదాకా నేను చేసింది. నువ్వు కుడితే నేను అట్ట వేశాను. నేను ఎప్పుడైనా సూది పట్టుకుంటే, వేలికి గుచ్చుకుంటుంది, ఇలా తే, అనేదానివి. నిజంగానే ప్రేమతో అనేదానివి. వంట చేస్తే, పొయ్యి ఆపావా అని మూడుసార్లు వచ్చేదానివి. వీధిలోకి వెళ్తే మలుపు తిరిగేదాకా నువ్వు చూస్తున్నావని నా వీపుకి తెలిసేది. ఒక్క రోజైనా వెనక్కి తిరగకుండా నడవలేకపోయాను."

"భయం కదే నాకు."

"తెలుసు. నీ భయం మోసీ మోసీ నాకు నా భయం ఏంటో కూడా తెలీదు." ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వడానికి కాదు. "నువ్వొస్తే బాగుంటుంది. చాలా బాగుంటుంది. మొదటి రోజే బల్లకి ఇటు నువ్వు, అటు నేను. అప్పుడు ఇంక నేను చచ్చేదాకా అటే. నాకు అరవై రెండేళ్లు అక్కా. ఒక్కసారి ఇటు కూర్చోవాలనుంది."

నాకు చాలా మాటలు తోచాయి. అన్నం ఎవరు వండారు, నీ కాన్పుకి రాత్రులు ఎవరు కూర్చున్నారు, మరిది పోయినప్పుడు ఎవరి ఒళ్లో పడుకున్నావు. అవన్నీ బరువైనవి. ఎక్కడ పెట్టినా బండి ఊగుతుంది. అందుకని, "మోకాళ్ల నూనె నీ పచ్చసంచి పక్క జేబులో ఉంది. మూత వదులు, పడుకోబెట్టకు" అన్నాను.

"సరే."

"ప్రెస్సు చక్రం ఎడమవైపు కాస్త పట్టేస్తుంది. బలవంతం చెయ్యొద్దు. ఒక అంగుళం వెనక్కి తిప్పి మళ్లీ బిగిస్తే వస్తుంది."

"తెలుసక్కా. నేనే కదా తిప్పేదాన్ని."

అవును. అట్ట వేసేది ఆమే కాబట్టి చక్రం తిప్పేదీ ఆమే. ఇన్నేళ్లూ దాన్ని నాది అనుకున్నాను. మా ఆయన తెచ్చారు కాబట్టి నాదనుకున్నాను. ఆ చక్రం అరిగింది ఆమె చేతికి.

చెల్లి నా దగ్గరికి వచ్చి, నా జుట్టు మీద పడ్డ దుమ్ము రెండు వేళ్లతో తీసింది. బంగారు రేకు తీసేటప్పుడు అలాగే తీస్తుంది, ఊపిరి బిగబట్టి. తరవాత బండి దగ్గరికి నడిచింది. వెనక్కి తిరగలేదు. తిరగకూడదని ఎంత కష్టపడుతోందో ఆమె వీపు చూస్తే నాకు తెలిసింది.

అల్లుడు నా సంచి తెచ్చి ఇచ్చాడు. తల దించుకున్నాడు. "పెద్దత్తయ్యా, నేనే వచ్చి తీసుకెళ్తాను. వచ్చే నెల, తప్పకుండా."

"సరే బాబూ. ముందు లైట్లు చూసుకోవాలి. సామాను మార్చాక మళ్లీ చూడాలని పుస్తకంలో ఉంది. కొక్కెం కింద గొలుసులు రెండూ ఒకదాన్నొకటి అడ్డంగా దాటి ఉన్నాయా?"

"ఉన్నాయి."

"పిన్ను?"

"వేశాను."

"అయితే ఎక్కు. నేను వెనక నిలబడి చెప్తాను."

ట్రైలరు వెనక నిలబడ్డాను. తలుపు మూసి ఉంది.

"ఎడమ!" అని అరిచాడు ముందునుంచి.

"వెలిగింది."

"కుడి!"

"వెలిగింది."

"బ్రేకు!"

ఎర్రగా రెండు లైట్లు వెలిగాయి. ఆ వెలుగు ఉన్నంతసేపూ బండి కదలదు.

"మళ్లీ తొక్కు" అన్నాను.

తొక్కాడు.

"ఇంకోసారి."

"ఏమైంది అత్తయ్యా, వెలగట్లేదా?"

"వెలుగుతున్నాయి. ఇంకోసారి తొక్కు."

ఈసారి ఏమీ అడగలేదు. చాలాసేపు తొక్కి పట్టుకున్నాడు. ఆ పొడుగాటి ట్రైలరు అడ్డం ఉండి లోపలున్న చెల్లి నాకు కనిపించలేదు. నేనూ ఆమెకి కనిపించను. కూతురిదో చెల్లిదో గొంతు ఏదో అంది, వినపడలేదు.

"సరిగ్గా ఉన్నాయి. వెళ్లండి" అన్నాను.

బండి నెమ్మదిగా రోడ్డెక్కింది. ట్రైలరు ఒక్క పిసరు కూడా ఊగలేదు. బండి వెనకే, గీత గీసినట్టు వెళ్లింది. ఇంత చక్కగా సర్దిన బరువుని నేను ఎప్పుడూ చూడలేదు. వేబ్రిడ్జి మనిషి గదిలోంచి కుర్చీ తెచ్చి వేసి, బస్సు పన్నెండింటికి వస్తుంది మామ్మగారూ, కూర్చోండి, అన్నాడు. నేను కూర్చోలేదు. చెల్లి ఆకుపచ్చ చీర కట్టుకుంది, ఎడమ చెవి దగ్గర తెల్లజుట్టు ఒక పాయ జారి ఉంది, కుడిచేతి చూపుడువేలికి ప్లాస్టరు ఉంది. ఇందాక నీడలో నిలబడ్డప్పుడే అన్నీ చూశాను. ఈసారి ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

దూరాన రోడ్డు కుడికి తిరుగుతుంది. అక్కడ ఆ ఎర్రలైట్లు ఒక్కసారి వెలుగుతాయేమోనని చూశాను. వెలగలేదు. బరువు లాగుతున్నప్పుడు ఊరికే బ్రేకు తొక్కకూడదని అల్లుడికి చదివి వినిపించింది నేనే.